రాయడం మొదలుపెట్టాకే చదవడం వచ్చింది

రాయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టమంటారు అని ఎవరైనా అడగడం ఆలస్యం, చుట్టూ ఉన్నవాళ్ళంతా కూడబలుక్కున్నట్టు ఒకటే మాట అంటారు: ముందు బాగా చదవండి. నాకూ చాలామంది చెప్పారు. మంచి మనసుతోనే చెప్పారు, అందులో అబద్ధమూ లేదు, కానీ ఆ "బాగా" అంటే ఎంతో ఏ ఒక్కరూ చెప్పలేదు. యాభై పుస్తకాలా, ఐదొందలా? ప్రాచీన సాహిత్యం అయ్యాకా, అనువాదాలు కూడా అయ్యాకా? ఆ గీత ఎక్కడుందో తెలీదు కాబట్టి దాన్ని దాటామని ఎప్పటికీ అనిపించదు. నాకు తెలిసిన మంచి పాఠకులు కొందరు "మనమెంత, మనం చదివిందెంత" అనుకుంటూ ఆ గీతకి ఇవతలే ఉండిపోయారు. వాళ్ళు ఒక నవల గురించి మాట్లాడితే వినాలి, పక్కన కూర్చుని రాసుకోవాలనిపిస్తుంది. అదే మాట కాగితం మీద పెట్టమంటే మాత్రం తల అడ్డంగా ఊపుతారు.

చదివితే రాయడం వస్తుందన్నది సగం నిజం. రాస్తే చదవడం వస్తుందన్నది మిగతా సగం, దాని ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. నా వరకైతే ఆ రెండో సగమే పెద్దది.

చిన్నప్పుడు నా చేతికి దొరికి, నేను చదవకుండా వదిలేసిన కాగితం లేదు. అయితే కథ ఏమవుతుందో తెలియాలి, నాకు అంతే కావాలి. సంభాషణ వస్తే ఆగేవాణ్ణి, వర్ణన వస్తే గెంతేవాణ్ణి. వాన గురించి రెండు పేజీలుంటే ఆ రెండు పేజీలూ నా పాలిట లేనట్టే. కాలేజీకొచ్చాక దీనికి కాస్త పరువు పిచ్చి తోడైంది. లావుపాటి పుస్తకం చేతిలో ఉంటే చూసేవాళ్ళు చూస్తారన్న ధ్యాస, చదివినవాటికి ఒక జాబితా, ఆ జాబితా పెరుగుతుంటే అదొక తృప్తి. ఇప్పుడు ఆ జాబితా చూస్తే చాలా పుస్తకాల గురించి నాకు మిగిలింది అట్ట రంగు, "బాగుంటుంది" అన్న ఒక్క మాట. అలా చదవడం తప్పని నేననను, ఆ వయసులో అలాగే చదవాలి కూడా. వాక్యం నడక చెవికి పట్టుబడింది ఆ ఏళ్ళలోనే. కాకపోతే చదవడంలో అదొక రకం. పుస్తకాల సంఖ్య ఎంత పెంచుకుంటూ పోయినా ఆ రకం ఇంకో రకంగా మారదు.

కళ్ళు చేసే పని చూస్తే ఇది ఇంకొంచెం అర్థమవుతుంది. మన చూపు అక్షరాల మీద వరసగా సాగిపోతుందనుకుంటాం. అలా జరగదని 19వ శతాబ్దం చివర్లోనే ఫ్రాన్సులో ఎమిల్ జవాల్ అనే కంటి డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్ళు గమనించారు. కన్ను ఒకచోట ఆగుతుంది, ఇంచుమించు పావు సెకను, తర్వాత ఠక్కున ముందుకు దూకుతుంది, మళ్ళీ ఆగుతుంది. దూకేటప్పుడు చూపు ఇంచుమించు పనిచెయ్యదు. చిన్న చిన్న మాటల మీద చాలాసార్లు ఆగనే ఆగదు. మధ్యలో ఖాళీలన్నీ మెదడు పూడ్చుకుంటుంది. చదవడంలో నేర్పు పెరగడం అంటే చాలావరకు ఈ దాటేయడంలో నేర్పు పెరగడమే. మనం రాసిందాంట్లో అచ్చుతప్పు మనకి తప్ప ఊరందరికీ కనిపించేది ఇందుకే, అక్కడేం ఉండాలో మనకి ముందే తెలుసు కాబట్టి కన్ను అక్కడ ఆగదు. గంటకి ఇన్ని పేజీలు చదివిస్తాం అని కోర్సులు అమ్మేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. వేగం పెంచితే అర్థం తగ్గుతుందని పరిశోధకులు ఎప్పటినుంచో చెప్తూనే ఉన్నారు.

సరే, ఆ దాటేసే కన్ను నా విషయంలో ఎక్కడ ఆగిందో చెప్తాను.

ఒక కథ రాద్దామని కూర్చున్నాను. అందులో ఒకాయన తమ్ముడితో మాటా మాటా అనుకుని ఇంట్లోంచి వెళ్ళిపోవాలి. కష్టమైన ఘట్టమేం కాదు. నేను రాసింది ఇదీ: "ఆయన కుర్చీలోంచి లేచాడు. చొక్కా తొడుక్కున్నాడు. చెప్పులు వెతుక్కున్నాడు. గడప దాటాడు. మెట్లు దిగాడు. వీధిలోకి వచ్చాడు." చదువుకుంటే సాక్షి వాంగ్మూలంలా ఉంది. "కోపంగా లేచాడు" అని మారిస్తే ఇంకా అన్యాయంగా తయారైంది. "విసురుగా" అని పెట్టి చూశాను, అదీ అంతే. ఇక లాభం లేదని, నాకు కంఠతా వచ్చనుకునే ఒక కథ తీసి, ఆ రచయిత మనిషిని గదిలోంచి బయటికి ఎలా తీసుకెళ్ళాడో చూద్దామని వెతికాను. తీసుకెళ్ళలేదు! ఒక వాక్యంలో ఇద్దరూ గదిలో ఉన్నారు, తర్వాతి వాక్యంలో ఒకడు రోడ్డు మీద ఉన్నాడు. చెప్పుల్లేవు, గడప లేదు, మెట్లు లేవు. ఆ కథ అన్నేళ్ళుగా చదువుతున్నా ఆ ఖాళీ నాకు కనపడకపోవడానికి కారణం, చదివిన ప్రతిసారీ ఆ మెట్లు నేనే దిగాను. రచయిత నా చేత దింపించాడు. ఆ సంగతి తెలియాలంటే ముందు నా మెట్లు నేను కట్టి చూసుకోవాల్సి వచ్చింది.

తర్వాత నా డ్రాఫ్టులో ఆ ఆరు వాక్యాలూ కొట్టేసి ఒకటి రాశాను: "వీధి చివరికి వచ్చాక చూసుకుంటే చొక్కా గుండీలు ఒకటి పైకీ ఒకటి కిందకీ పెట్టుకుని ఉన్నాడు." గొప్ప వాక్యం అననుగానీ, కోపం అన్న మాట అవసరం తీరింది. ఆ రోజు నుంచి ఏ కథ చదివినా, మనుషులు ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎలా వెళ్తున్నారు, ఏళ్ళు ఎలా గడుస్తున్నాయి, ఎవరు ఏ మాట అన్నాక పేరా తెగుతోంది అని చూడకుండా ఉండలేకపోతున్నాను. పాత పుస్తకాలన్నీ మళ్ళీ చదవాల్సొచ్చింది. వాన గురించిన ఆ రెండు పేజీలతో సహా.

ఇది నా ఒక్కడి అనుభవం అయితే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. అమెరికా దేశ నిర్మాతల్లో ఒకరైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో అన్నగారి అచ్చాఫీసులో పని నేర్చుకుంటూ ఉండగా, లండన్ నుంచి వచ్చే స్పెక్టేటర్ అనే పత్రిక సంపుటం ఒకటి దొరికింది. మళ్ళీ మళ్ళీ చదివి ముచ్చటపడ్డాడు. అక్కడితో ఊరుకుని ఉంటే మనలాంటి పాఠకుడే అయ్యేవాడు. ఒక్కో వాక్యంలోని భావాన్ని రెండు ముక్కల్లో రాసుకుని, కాగితం కొన్నాళ్ళు పక్కన పడేసి, తర్వాత పుస్తకం చూడకుండా ఆ వ్యాసం మొత్తం తన మాటల్లో తిరిగి రాసేవాడు. రాసింది అసలుదాని పక్కన పెట్టుకుంటే ఎక్కడెక్కడ తేలిపోయాడో కనపడేది. తన దగ్గర మాటలు చాలడం లేదని తెలిసింది అప్పుడే. దాంతో ఆ వ్యాసాల్ని పద్యాలుగా మార్చి, మర్చిపోయాక మళ్ళీ వచనం చేసేవాడు. కొన్నిసార్లు ఆ ముక్కలన్నీ కలగాపులగం చేసి, వాటిని మళ్ళీ వరసలో పెట్టడం కూడా ఒక అభ్యాసంగా పెట్టుకున్నాడు. ఇదంతా ఆయనే ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఎన్నిసార్లు చదివినా కనపడనిది ఒక్కసారి రాయబోయేసరికి బయటపడింది, నాకు ముఖ్యం అదీ.

దీనికి ప్రయోగం రుజువు కూడా ఉంది. 1978లో స్లమెక్కా, గ్రాఫ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరికి మాటల జంటలు ఊరికే చదవమని ఇచ్చారు, ఇంకొందరికి జంటలో రెండో మాట మొదటి అక్షరం మాత్రమే ఇచ్చి మిగతాది వాళ్ళనే పూర్తి చెయ్యమన్నారు. అంటే "ఎండ, నీడ" అని చదవడానికీ, "ఎండ, నీ..." అని ఇస్తే మిగతాది తట్టించుకోవడానికీ ఉన్న తేడా. సొంతంగా పూర్తి చేసిన మాటలే బాగా గుర్తున్నాయి. ఒక్క అక్షరం దగ్గరే అంత తేడా ఉంటే, పేరా సంగతి ఊహించుకోవచ్చు.

అసలు చదవడం, రాయడం అని జంటగా పలకడం అలవాటైపోయి అవి రెండూ ఒకటేనని అనుకుంటున్నాంగానీ, చరిత్రలో చాలాకాలం అవి వేర్వేరు విద్యలు. 1686లో స్వీడన్‌లో వచ్చిన చర్చి చట్టం, ప్రతి ఒక్కరూ దైవగ్రంథం స్వయంగా చదవగలగాలంది. మతగురువులు ఇంటింటికీ పరీక్షలు పెట్టి ఎవరెలా చదువుతున్నారో రిజిస్టర్లలో ఎక్కించేవాళ్ళు. 18వ శతాబ్దానికల్లా అక్కడ దాదాపు అందరికీ చదవడం వచ్చేసింది, రాయడం మాత్రం కొద్దిమందికే వచ్చు. అది జనంలోకి రావడానికి 19వ శతాబ్దపు బడులు కావాల్సొచ్చాయి. చదివేవాడు చెప్పింది వింటాడు, రాసేవాడు తిరిగి చెప్తాడు. చెప్పించుకోవాలని ఏ ఏలికకి ఉంటుంది?

అమెరికాలో ఇది మరీ పచ్చిగా కనిపిస్తుంది. 1740లో సౌత్ కరోలినాలో చేసిన చట్టం ప్రకారం బానిసకి రాయడం నేర్పినవాడికి వంద పౌన్ల జరిమానా. చదవడం నేర్పడం గురించి ఆ చట్టంలో ఏమీ లేదు, దాన్ని నిషేధించడం తర్వాతెప్పుడో 1834లో. రాయడం వస్తే బానిస, బయటికి వెళ్ళడానికి యజమాని రాసివ్వాల్సిన రహదారి చీటీ తనే రాసుకోగలడు, ఇంకోచోటి బానిసకి కబురు పంపగలడు. భయం అదీ. తర్వాత బానిసత్వానికి ఎదురు నిలిచి రచయితగా పేరు తెచ్చుకున్న ఫ్రెడరిక్ డగ్లస్, బానిసగా ఉన్నప్పుడే బాల్టిమోర్ ఓడల యార్డులో రాయడం నేర్చుకున్న తీరు చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. ఓడకి ఎడమవైపు వాడాల్సిన దుంగ మీద వడ్రంగులు "ఎల్" అనీ, కుడివైపు దాని మీద "ఎస్" అనీ, ముందుభాగమైతే పక్కన "ఎఫ్", వెనకైతే "ఏ" అనీ రాసేవాళ్ళు. ఆ నాలుగు అక్షరాలు చూసి దిద్దుకున్నాడు. తర్వాత రాయడం వచ్చిన పిల్లలతో, నీకంటే నేను బాగా రాస్తానని పందెం కాసి, వాళ్ళు రాసి చూపించిన మిగతా అక్షరాలు నేర్చేసుకున్నాడు. కంచెలు, ఇటుక గోడలు, కాలిబాటలు ఆయనకి పలక. ముందు బాగా చదువు, తర్వాత రాద్దువుగానిలే అని ఆయనకి ఎవరైనా చెప్పి ఉంటే ఏమయ్యేదో!

పిల్లల్లోనైతే రాయడమే ముందొచ్చిన సందర్భం ఒకటుంది. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో బడి తెరిచి, గరుకు కాగితం అక్షరాలు వేళ్ళతో తడమడం, విడి అక్షరాలతో మాటలు పేర్చడం నేర్పించింది. ఒకరోజు డాబా మీద ఐదేళ్ళ పిల్లాడికి సుద్దముక్క ఇచ్చి పొగగొట్టం బొమ్మ వెయ్యమంది. వాడు వేసి, ఆమె మెచ్చుకునేసరికి, నాకు రాయడం వచ్చేసిందని అరుస్తూ నేల మీద "చెయ్యి" అని రాశాడు, ఆపైన "పొగగొట్టం", "ఇంటికప్పు". అప్పటికి ఆ పిల్లలకి ఎదుటివాళ్ళు రాసింది చదవడం రాదు. అది తర్వాత వచ్చింది.

మా నానమ్మ ఆ స్వీడన్ జనంలాంటిదే. పెద్దక్షరాల అచ్చయితే వేలు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివేది. రాయడం మాత్రం సంతకంతో సరి. అందుకని ఇంట్లో ఉత్తరాలు రాసే పని నాది, చెప్పే పని ఆమెది. ఒకసారి తాతయ్యకి ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో పెట్టి, నయమై ఇంటికొచ్చాక, మా అత్తకి ఉత్తరం రాయాలి. నేను "మొన్న రాత్రి" అని మొదలుపెట్టగానే ఆపేసింది. "ఆగరా, ముందు మీ తాత ఇప్పుడు కులాసాగా ఉన్నాడని రాయి. మొన్న రాత్రి అని మొదలెడితే ఆ పిల్ల కింది లైను దాకా బతకొద్దూ?" సరేనని రాసి, "నువ్వేం కంగారు పడకు" అని నా తెలివి చేర్చి చదివి వినిపించాను. అది కొట్టెయ్యమంది. "కంగారు పడకు అంటేనే కంగారు పడతారు." ఆ ఉత్తరంలో అసలు అడగాల్సిన సంగతి, అత్తవాళ్ళింట్లో ఉద్యోగం గొడవ ఏమైందన్నది, ఏవేవో కబుర్లన్నీ అయ్యాక చిట్టచివర, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు పెట్టించింది. కావాలనే అలా పెట్టించిందని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇక్కడ నా వాదనకి నేనే అడ్డం వస్తున్నానని తెలుసు. కలం పట్టినవాణ్ణి నేను. రాసింది ఆమె. ఏ సంగతి ముందు, ఏది వెనక, ఏ మాట వద్దు అన్నవన్నీ ఆమె నిర్ణయాలే, వేళ్ళు మాత్రం నావి. ఇంగ్లీషు కవి మిల్టన్ 1652 నాటికి పూర్తిగా చూపు పోయి, తన మహాకావ్యాన్ని ఎవరెవరి చేతో చెప్పి రాయించాడు. మన వ్యాసుల వారి కథ ఉండనే ఉంది, ఆపకుండా చెప్తేనే రాస్తానని వినాయకుడు షరతు పెడితే, అర్థం చేసుకోకుండా ఒక్క శ్లోకం రాయకూడదని ఈయన ఎదురు షరతు పెట్టాడంటారు. ఆ రెండో షరతు నాకు భలే ఇష్టం. రాసేవాడికి చదవక తప్పని పరిస్థితి కల్పించాడాయన.

ఇప్పుడు ఉత్తరం, సెలవు చీటీ, పుట్టినరోజు శుభాకాంక్షలు, చివరికి సంతాపం కూడా మెషిన్‌తో రాయించుకునే రోజులొచ్చాయి కాబట్టి ఇది ఊసుపోక చెప్పట్లేదు. ఇంకొకరి చేత రాయించుకోవడం నాకు తప్పుగా అనిపించదు, మా ఇంట్లో జరిగింది అదే. నానమ్మ మాత్రం ప్రతి ఉత్తరం పూర్తిగా చదివించుకునేది, చదివించుకున్నాక కనీసం రెండు మాటలైనా తీయించేది. ఒక్క మాటా తీయించకుండా, పైనుంచి కిందికి ఒకసారి చూసి పంపేస్తున్నవాళ్ళ గురించే నా టెన్షన్. వాళ్ళు రాయడం మానేశారన్నది నాకు పెద్ద బాధ కాదు. తమ పేరుతో వెళ్ళేదాన్ని కూడా చదవట్లేదు, ఇంకొకరిది ఏం చదువుతారు?

ఇంకో మాట కూడా తరచు వింటుంటాను, అసలే రాసేవాళ్ళు ఎక్కువై చదివేవాళ్ళు కరువయ్యారు, నువ్వు ఇంకా ఎగదోస్తున్నావేంటని. ఆ విసుగు నాకు తెలుసు, నేనూ పడ్డాను. కానీ మనల్ని విసిగించే రాతలు చూడండి, వాటిలో చాలావరకు తిరిగి చదువుకోని రాతలు. ఒక పేరాని మూడోసారి తిరగరాస్తున్నవాడు ఎవడైనా, ఇది వేరేవాళ్ళు ఎలా చేశారో చూద్దామని పుస్తకం తియ్యకుండా ఉండలేడు. మొదట్లో అనుకరణ అవుతుందంటారా, అవనివ్వండి. నా పాత నోటు పుస్తకాలు తీస్తే ఏ వారం ఎవర్ని చదువుతున్నానో వాక్యాల పొడుగు చూసి చెప్పెయ్యొచ్చు. ఒకాయన ప్రభావంలో ఉన్నన్నాళ్ళు ప్రతి పేరా ప్రశ్నతో ముగించాను. అలా ముగించీ ముగించీ నాకే వెగటు పుట్టాక మళ్ళీ ఆయన్ని చదివితే, ఆయన పుస్తకం మొత్తం మీద అలాంటివి చాలా తక్కువ, అవీ పాత్ర తనకి తాను అబద్ధం చెప్పుకుంటున్న చోట్లే ఉన్నాయి. అనుకరించకపోతే ఆ లెక్క నాకు అందేది కాదు.

ఈ మధ్య నేను చేస్తున్న పని ఇంకోటుంది. పుస్తకం పూర్తయ్యాక దాని గురించి రాయడం మానేసి, సగంలో ఆపి రాస్తున్నాను. ఒక పేజీ, ఎవరికీ చూపించడానికి కాదు. ఇప్పటిదాకా ఏం జరిగింది అని రాయను. ఈ రచయిత నా దగ్గర ఏం దాస్తున్నాడు, ఇక్కడి నుంచి నేనైతే ఎటు తీసుకెళ్తాను అని రాస్తాను. నా ఊహ చాలాసార్లు తప్పుతుంది. మొన్న ఒక నవల్లో ఫలానా అమ్మాయి ఇల్లు వదిలి పోతుందని ఖాయంగా రాసి, ఎందుకు పోతుందో కారణాలతో సహా పేజీ నింపాను. ఆవిడ పోలేదు, మిగతావాళ్ళంతా పోయారు. పుస్తకం అయిపోయాక ఆ కారణాలు తీసి చూస్తే ఒక్కొక్కటీ కథలో నిజంగానే ఉంది, కాకపోతే ఇంకొకరి నోట్లో ఉంది. ఎక్కడ ఎవరి మీదికి మార్చాడో చూడ్డానికి మళ్ళీ మొదటి పేజీ తీశాను.